లూనీ నదీలోయ: నీరు, నేల, పశుసంపద

నది అనగానే మన మనస్సులో మెదిలేది నీరు. గోదావరి, కృష్ణ, పెన్న నదుల ఒడ్డున పెరిగిన తెలుగువారికి నీరులేని నదిని వేసవి నెలలలో చూడటం అలవాటే అయినా, నది సహజస్థితి నిండుగా ప్రవహించడమేనని, ఎండిపోవడం దానికి వచ్చిన కష్టమని భావిస్తాము. పశ్చిమ రాజస్థాన్‌లోని లూనీ నది విషయంలో యీ భావన తలక్రిందులు అవుతుంది. సంవత్సరంలో అధికభాగం ఎండి ఉండటమే దాని సహజస్థితి. ప్రవహించడం ఒక విశేషం. ఏ ఏడాది ఏ తేదీన నీరు ఫలానా వూరి రేవుకు చేరినదో అక్కడి ప్రజలు జ్ఞాపకం ఉంచుకుంటారు. కొత్త నీరు వచ్చినప్పుడు డప్పులతో ఎదురువెళ్లి, పసుపు కుంకుమలతో పూజించి, స్వాగతం చెబుతారు.

ఈ లోయ నాకు మొదట పరిచయమైనది మాటల రూపంలోనే. హిందీ నుండి తెలుగు చేయవలసిన ఒక వ్యాసంలో "నాడీ" అనే మాట పదే పదే వచ్చినది. నదికి అది మార్వాడీ రూపం కాబోలునని తలచి "ఏరు" అని వ్రాసి పంపించాను. వ్రాతప్రతి తిరిగివచ్చినప్పుడు ఆ మాట ప్రక్కన ఎర్రసిరాతో ఒకే ప్రశ్న ఉన్నది: "ఏరును మనుషులు తవ్వుతారా?" అప్పుడు గాని నాకు తెలియలేదు, నాడీ అంటే వాననీటిని నిలుపుకొనడానికి వూరివారు తవ్వుకున్న చిన్న చెరువు అని. నది పారని చోట, ప్రజలు తవ్వుకున్న గుంటకే నదికి దగ్గరైన పేరు ఉండటం నన్ను ఆలోచింపజేసినది. ఆ ఆలోచన ఫలితమే యీ వ్యాసం.

నది పుట్టుక, ప్రయాణం

లూనీ నది అజ్మీర్ సమీపంలో ఆరావళి పర్వతశ్రేణికి చెందిన నాగపహాడ్ కొండలలో పుడుతుంది. అక్కడ దీని పేరు సాగర్‌మతి. పుష్కర క్షేత్రం వైపు నుండి వచ్చే సరస్వతి అనే వాగు గోవింద్‌గఢ్ వద్ద కలిసిన తరువాత యీ ప్రవాహానికి లూనీ అనే పేరు వస్తుంది. అక్కడినుండి నైరృతి దిశగా నాగౌర్, పాలీ, జోధ్‌పూర్, బాలోత్రా, బాఢ్‌మేర్, జాలోర్ ప్రాంతాల గుండా సాగి, సుమారు 500 కిలోమీటర్ల ప్రయాణం తరువాత గుజరాత్‌లోని కచ్ రణ్‌లో అంతమవుతుంది. ఈ నది సముద్రాన్ని చేరదు. ఉప్పునేలలో ఇంకి, ఆవిరై, కనుమరుగవుతుంది.

దీని ఉపనదులను పటంలో పరిశీలించినవారికి ఒక వింత కనిపిస్తుంది. లీల్డీ, గుహియా, బాండీ, సూక్డీ, జవాయీ, ఖారీ, సాగీ ముఖ్యమైన ఉపనదులు. ఇవన్నీ ఎడమ ఒడ్డున కలిసేవే. కుడి ఒడ్డున చెప్పుకోదగినది జోజరీ ఒక్కటే. కారణం సులభం. ఎడమవైపు, అనగా తూర్పు, ఆగ్నేయ దిశలలో, ఆరావళి కొండలు ఉన్నవి. కుడివైపు థార్ ఎడారి ఉన్నది. కొండ నుండి నీరు వస్తుంది గాని, ఇసుకదిబ్బ నుండి రాదు. ఒక ఒడ్డు కొండవైపు, మరొక ఒడ్డు ఎడారివైపు ఉన్న యీ నది రెండు లోకాల నడుమ గీసిన సరిహద్దురేఖ వంటిది.

ఆరావళి అంత పొడవైన పర్వతశ్రేణి ఉండగా యీ ప్రాంతం ఎందుకు వానకు నోచుకోలేదని విద్యార్థులు అడుగుతారు. అరేబియా సముద్రం నుండి వచ్చే ఋతుపవనాలకు పడమటి కనుమలు అడ్డుగోడవలె నిలుస్తాయి. అందువల్ల అక్కడ కుంభవృష్టి కురుస్తుంది. ఆరావళి శ్రేణి నైరృతి నుండి ఈశాన్యానికి, అనగా ఆ గాలులు వీచే దిశలోనే, పరచుకొని ఉన్నది. గాలి దానిని ఢీకొనక ప్రక్కనుండి సాగిపోతుంది. అందువల్ల కొండల పాదప్రాంతంలో ఏటా 500 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండే వర్షపాతం, పడమరకు పోయినకొద్దీ తగ్గుతూ బాఢ్‌మేర్ వద్ద 300 మిల్లీమీటర్లకంటె తక్కువకు దిగుతుంది. మన దేశంలో వర్షాభావానికి పేరుపడిన అనంతపురంలో సైతం సగటు వర్షపాతం ఇంతకు రెట్టింపు దరిదాపులలో ఉంటుందని గుర్తుంచుకుంటే, యీ సంఖ్య అర్థం బోధపడుతుంది. ఆ కొద్దిపాటి వాన కూడా చాలావరకు జూలై నుండి సెప్టెంబరు వరకు గల మూడు నెలలలోనే కురుస్తుంది. ఎండ, గాలి కలిసి ఏడాదిలో ఆవిరి చేయగల నీరు మాత్రం దాదాపు 2,000 మిల్లీమీటర్లు. రాబడికి ఆరేడు రెట్లు ఖర్చు! ఈ లోయలోని నేల, గడ్డి, పశువు, మనిషి, అందరూ యీ ఒక్క లెక్కకు లోబడి బ్రతుకవలసినవారే.

నేల తీరు

లూనీ పరీవాహక ప్రాంతం దాదాపు 37 వేల చదరపు కిలోమీటర్లు. ఈ విశాలమైన లోయలో నేల ఒకే తీరున లేదు. తూర్పున ఆరావళి పాదాల వద్ద గులకరాళ్లు, గరుసుమట్టి పరచుకున్న వాలు. దానికి దిగువన నదులు తెచ్చి వేసిన ఒండ్రుమైదానం. ఇక్కడ నేల లోతుగా, సారవంతంగా ఉంటుంది. కాని చాలా చోట్ల పైమట్టికి కొంత అడుగున సున్నపుముద్దలు గడ్డకట్టిన గట్టిపొర ఒకటి అడ్డు వస్తుంది. మనవైపు "సున్నపుగరుసు" అనే యీ పదార్థాన్ని అక్కడ "కంకర్" అంటారు. మధ్యమధ్య సివానా, జాలోర్‌ల వద్ద మైదానం నుండి ఒక్కసారిగా లేచిన రాతికొండలు కనిపిస్తాయి. ఇవి దాదాపు 75 కోట్ల సంవత్సరాలనాటి అగ్నిపర్వతక్రియకు సాక్ష్యాలు. భూగర్భశాస్త్రజ్ఞులు యీ శిలలకు బాఢ్‌మేర్ ప్రాంతపు పాతపేరును బట్టి "మాలానీ శిలలు" అని పేరుపెట్టారు. పడమట ఇసుకదిబ్బలు. నైరృతి కొసన, కచ్ రణ్‌ను సమీపించేచోట, తెల్లగా మెరిసే ఉప్పుబయళ్లు.

నదీగర్భం కూడా ప్రత్యేకమైనది. గట్లు ఎత్తుగా ఉండవు. ఇసుక మేటలు విశాలంగా పరచుకొని ఉంటాయి. వరద వచ్చినప్పుడు నీరు లోతుకు పోక, వెడల్పుగా విస్తరిస్తుంది. వరద తీసిన తరువాత పైన పొడి ఇసుక మాత్రమే కనిపిస్తుంది గాని, అడుగున నీరు చాలాకాలం నిలిచే ఉంటుంది. ఇసుక ఆ నీటికి మూతవంటిది. ఎండ దానిని తాకలేదు. పైకి ఎండిన నది లోపల బ్రతికే ఉన్నదని తెలిసినవారు ఇసుకలో గుంట తవ్వి నీరు తోడుకుంటారు. మన పెన్నలో, చిత్రావతిలో చెలమలు తవ్వేవారికి యీ విద్యను వేరుగా వివరించనక్కరలేదు.

తీపి నీరు ఉప్పునీరు అయ్యే విధం

సంస్కృతంలోని "లవణ" శబ్దమే లూనీ అనే పేరుకు మూలం. అయితే యీ నది ఆమూలాగ్రం ఉప్పునది కాదు. పుట్టినచోటు నుండి బాలోత్రా వరకు దీని నీరు తీయన; అక్కడినుండి దిగువకు ఉప్పన. ఒకే నది ఒక పట్టణం వద్ద రుచి మార్చుకొనడానికి కారణమేమి?

వాననీటిలో, కొండరాళ్లలో ఉన్న లవణాంశం స్వల్పమే. కాని నీరు ఆవిరి అయినప్పుడు ఉప్పు ఆవిరి కాదు. అది వెనుకనే మిగిలిపోతుంది. నిండుగా పారి సముద్రంలో కలిసే నది తనలోని లవణాన్ని తనతోనే తీసుకొనిపోతుంది. లూనీకి అంతటి బలం లేదు. బాలోత్రా ప్రాంతం చేరేసరికి నేలవాలు మందగిస్తుంది. ఇసుకదిబ్బలు పాత కాలువలకు అడ్డుపడి, నీరు బయటికి పోలేని పల్లాలను ఏర్పరచినవి. వేల సంవత్సరాలుగా ఆ పల్లాలలోకి నీరు చేరడం, ఆవిరి కావడం, ఉప్పు మిగలడం జరుగుతూనే ఉన్నది. నదినీరు ఆ నేలను తాకినప్పుడు ఆ ఉప్పు దానిలో కరుగుతుంది.

బాలోత్రా సమీపంలోని పచ్‌పదరా యీ క్రియకు ప్రసిద్ధమైన ఉదాహరణ. అక్కడ ఖార్వాల్ కులస్థులు తరతరాలుగా గుంటలు తవ్వి, అందులో వూరిన ఉప్పునీటిలో "మోరలీ" అనే ముళ్లపొద కొమ్మలను వేసి, వాటిపై స్ఫటికాలు కట్టేటట్లు చేసి, మేలిరకమైన ఉప్పును తీసేవారు. నేలలోని దోషాన్ని జీవనాధారంగా మలచుకొన్న నేర్పు ఇది.

మూడు రకాల నీరు

మనకు "నీరు" ఒకటే మాట. పశ్చిమ రాజస్థాన్ ప్రజలు నీటిని మూడుగా విభజిస్తారు. ఆకాశం నుండి పడి, నేలపై నిలిచినది "పాలర్ పాణీ". భూమి లోతున బావులకు అందేది "పాతాళ్ పాణీ". ఈ రెండింటి నడుమ, నేలలోకి ఇంకినప్పటికీ పాతాళజలంతో కలియక, సుద్ద లేదా జిప్సం పొరపై తేమగా నిలిచినది "రేజాణీ పాణీ". హిందీ రచయిత అనుపమ్ మిశ్ర 1995లో ప్రచురించిన తన గ్రంథంలో యీ విభజనను దేశానికి పరిచయం చేశారు. పాతాళజలం చాలా చోట్ల ఉప్పనైనది కనుక, దానిపైన ఆధారపడటానికి లేదు. మిగిలిన రెండింటిని కాపాడుకొనడమే యీ లోయ నేర్చిన విద్య.

ఆ విద్యలో మొదటిది నాడీ. పల్లపుచోట తవ్విన చెరువు, దానిలోకి నీరు జారే చుట్టుపట్ల నేల, యీ రెండూ కలిసి ఒకే ఏర్పాటు. నీరు జారే నేలను "ఆగోర్" అంటారు. ఆగోర్‌ను దున్నరాదు, మలినపరచరాదు, అక్కడ చెట్టు నరకరాదు. చెరువును మాత్రమే కాపాడి ఆగోర్‌ను వదిలివేస్తే నీరు చేరదని వారికి తెలుసు. ఏటా వానలకు ముందు వూరివారు కలిసి పూడిక తీసేవారు. నాడీ నీరు కొన్నిచోట్ల కొద్ది నెలలు, పెద్దదైతే దాదాపు ఏడాది నిలుస్తుంది.

రెండవది టాంకా. ఇది నేలలో కట్టిన, పైకప్పు గల నీటితొట్టి. చుట్టూ గుండ్రంగా చదునుచేసిన వాలుపై కురిసిన వాన దీనిలోకి చేరుతుంది. 1959లో జోధ్‌పూర్‌లో ప్రస్తుత రూపంలో స్థాపితమైన కేంద్ర శుష్కప్రాంత పరిశోధన సంస్థ యీ పాతపద్ధతిని మెరుగుపరచి, ఒక కుటుంబానికి సరిపడేటట్లు 21,000 లీటర్ల టాంకాకు నమూనా తయారుచేసినది. దీని లెక్క విద్యార్థులు స్వయంగా వేసి చూడదగినది. టాంకా చుట్టూ 6 మీటర్ల వ్యాసార్ధంగల వృత్తం ఉన్నదనుకుందాము. దాని వైశాల్యం దాదాపు 113 చదరపు మీటర్లు. ఏడాదిలో 300 మిల్లీమీటర్ల వాన కురిస్తే, ఆ వృత్తంపై పడే నీరు సుమారు 34,000 లీటర్లు. కొంత ఇంకి, కొంత ఆవిరై, అందులో అరవైవంతులు మాత్రమే తొట్టిని చేరినా 20,000 లీటర్లు దక్కుతాయి. ఆరుగురు ఉన్న కుటుంబానికి ఏడాది పొడుగునా మనిషికి రోజుకు 9 లీటర్ల పైచిలుకు. గ్రామాలలో కుళాయి ద్వారా ఒక్కొక్కరికి రోజుకు 55 లీటర్లు అందించాలని జలజీవన్ పథకం నిర్దేశించినది. దానిలో ఇది ఆరవవంతు మాత్రమే. అయినా యీ ఆరవవంతు తాగడానికి, వండుకొనడానికి సరిపోతుంది. మైళ్లదూరం బిందె మోయవలసిన స్త్రీకి అది ఎంతటి ఊరటయో చెప్పనక్కరలేదు.

మూడవది బేరీ. ఇది రేజాణీ నీటికొరకు తవ్విన ఇరుకైన చిన్న బావి. నీరు అందులో ఊటగా కాక చెమటవలె కొద్దికొద్దిగా చేరుతుంది. రాత్రి వూరిన నీటిని తెల్లవారి తోడుకొని, మరల మూతవేసి వేచి ఉండవలెను. ఇక్కడ తొందరకు చోటు లేదు.

గడ్డి, చెట్టు, మంద

ఇప్పుడు మరొక లెక్క చూద్దాము. వేసవిలో ఒక పెద్ద ఆవు రోజుకు సుమారు 40 లీటర్ల నీరు తాగుతుంది. అంటే ఆరుగురి ఏడాది అవసరానికి కట్టిన టాంకా ఒకే ఒక్క ఆవుకు ఏడాదిన్నర కూడా రాదు. మంద ఉన్న ఇంటికి టాంకా చాలదు. పశువుకు నాడీ కావలెను. నాడీ ఎండినప్పుడు నీటిని పశువు వద్దకు తేవడం అసాధ్యం కనుక, పశువునే నీటి వద్దకు తోలుకొనిపోవలెను. వలస అనేది యీ లోయలో దిక్కులేనివారి పరుగు కాదు. అది నీటిలెక్క నుండి పుట్టిన జీవనవిధానం.

ఇక్కడ సజ్జ, గోరుచిక్కుడు, నువ్వు, మోఠ్ వంటి పంటలు వేస్తారు. వాన ముందుగా ఆగిపోతే గింజ దక్కదు; కాని చొప్ప దక్కుతుంది. ఆ చొప్పను పాలుగా, ఉన్నిగా, ఎరువుగా మార్చేది పశువు. అందుచేత పశుపోషణ ఇక్కడ సేద్యానికి అనుబంధం కాదు, కరువుకు భీమా. ఇక్కడి మేపు కంచె వేసిన సొంతబయళ్లలో సాగదు. గోచర్ అనే ఉమ్మడి పచ్చికభూములు, దేవతల పేర విడిచిన ఓరణ్ అనే వనాలు మందలకు ఆధారం. ఓరణ్‌లో రాలిన కొమ్మను తప్ప పచ్చి కొమ్మను ముట్టరాదనేది కట్టుబాటు. సేవణ్, ధామణ్ అనే గడ్డిజాతులు యీ నేలకు ప్రాణం. అవి పశువుకు మేత, ఇసుకకు కట్టు.

చెట్లలో అగ్రస్థానం ఖేజ్డీది. తెలుగు పాఠకునికి యీ పేరు కొత్తగా తోచవచ్చును. చెట్టు కొత్తది కాదు. మనం దసరానాడు పూజించే జమ్మిచెట్టే ఖేజ్డీ. దాని వేళ్లు చాలా లోతుకు పోయి తేమను వెదకుకుంటాయి. ఇతర వృక్షాలు మోడులైన వేసవిలో అది చిగురిస్తుంది. ఆకు మేకలకు, ఒంటెలకు మేత. "సాంగరీ" అనే కాయ మనుషులకు కూర. జోధ్‌పూర్ సమీపంలోని ఖేజడ్లీ గ్రామంలో 1730లో రాజభటులు సున్నపుబట్టీలకొరకు యీ చెట్లను నరకవచ్చినప్పుడు, అమృతాదేవి అనే గృహిణి చెట్టును కౌగిలించుకొని ప్రాణం విడిచినది. ఆమె వెనుక బిష్నోయీలు ఒక్కొక్కరుగా నిలిచి మొత్తం 363 మంది బలి అయినారు. ఎండిన లోయలో జమ్మిచెట్టు అంటే ఏమిటో వారు తెలిపినంతగా ఏ గ్రంథమూ తెలుపలేదు. 1983లో రాజస్థాన్ ఖేజ్డీని రాష్ట్రవృక్షంగా ప్రకటించినది. తెలంగాణ రాష్ట్రవృక్షం కూడా జమ్మియే.

పశుసంపదలోను యీ లోయ ప్రసిద్ధమైనది. దుక్కికి, బండికి పేరుమోసిన నాగౌరీ ఎద్దులు ఎగువభాగానివి. సాంచోర్ ప్రాంతపు కాంక్రేజ్ జాతి పాడికి, పనికి రెంటికీ తగినది. కరువును తట్టుకొని పాలిచ్చే థార్‌పార్కర్ ఆవు పేరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ఒక జిల్లాపేరు. గడ్డికి, గాలికి సరిహద్దులు లేవని ఆ పేరే గుర్తుచేస్తుంది. 1947కు పూర్వం కరువుకాలంలో సింధ్ వైపు సాగిన మందలకు ఆ త్రోవ దేశవిభజనతో మూసుకొనిపోయినది. మరొక సంగతి మనకు ఆసక్తికరం. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధం నుండి బ్రెజిల్ దేశపు పశుక్షేత్రాలకు మనదేశపు గోజాతులు తరలివెళ్లినవి. అక్కడ కాంక్రేజ్‌ను "గుజెరా" అన్నారు. మన ఒంగోలు జాతిని నెల్లూరు పేరుమీదుగా "నెలోర్" అన్నారు. లూనీ దిగువలోయ ఆవు, పెన్న-కృష్ణల నడిమి ఆవు ఆ దూరదేశంలో ఇరుగుపొరుగులైనవి.

లోయలోని పశుపాలకులలో ముఖ్యులు రాయికాలు, వీరినే రబారీలు అని కూడా అంటారు. గొర్రెల మందలతో, సామాను మోసే ఒంటెలతో, వానలు వెనుకబడగానే గుజరాత్, మధ్యప్రదేశ్, హర్యానా, ఉత్తరప్రదేశ్ వైపు బయలుదేరి, మరుసటి వానలకు ఇల్లు చేరుతారు. దారిలో రైతులు తమ పొలాలలో రాత్రిపూట మందను నిలిపించుకొని, ఎరువుకు బదులుగా ధాన్యమో, రొక్కమో ఇస్తారు. పొలంలో మంద కట్టించే ఆచారం తెలుగు రైతుకూ తెలిసినదే. భాష వేరైనా బేరం ఒకటే.

బాలోత్రా సమీపంలోని తిల్వాడాలో ప్రతి సంవత్సరం మార్చి, ఏప్రిల్ నెలలలో మల్లీనాథ్ పశుసంత జరుగుతుంది. దాని విశేషం ఏమంటే, అది జరిగేది లూనీ నది ఒడ్డున కాదు, నదీగర్భంలోనే. ఎద్దులు, ఒంటెలు, మాలానీ గుర్రాలు ఆ పొడి ఇసుకపై చేతులు మారుతాయి. నీరు లేనప్పుడు కూడా నది తన లోయను ఒకచోటికి చేర్చగలదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

కరువు, వరద

మార్వాడ్ ప్రజలు కరువునూ విభజించి చెబుతారు. ధాన్యం లేని కరువు అన్నకాల్, నీరు లేనిది జలకాల్, గడ్డి లేనిది తృణకాల్. మూడూ కూడివచ్చినది త్రికాల్. విక్రమ సంవత్సరం 1956లో, అనగా 1899-1900లో, వచ్చిన త్రికాల్‌ను "ఛప్పనియా" పేరుతో నేటికీ తలచుకుంటారు. 1987 నాటి తీవ్రమైన కరువు ఇప్పటి పెద్దవారి అనుభవంలోనిదే.

ఈ కరువునేలకు వరద అనే కష్టం కూడా ఉన్నదంటే వింతగా తోచును. 1979 జూలైలో లూనీ, దాని ఉపనదులు పొంగి పాలీ, జోధ్‌పూర్, బాఢ్‌మేర్, జాలోర్ జిల్లాలను ముంచివేసినవి. 2006 ఆగస్టులో బాఢ్‌మేర్ జిల్లాలో ఏడాది సగటును మించిన వాన కొద్దిరోజులలోనే కురిసినది. కవాస్ గ్రామం నీట మునిగి, నెలల తరబడి ఆ నీరు ఇంకలేదు. అడుగున ఉన్న జిప్సం పొరయే దానికి కారణం. బేరీకి రేజాణీ నీటిని నిలిపి ఇచ్చేది ఆ జాతి పొరయే. వరదనీటిని ఇంకనీయక వూరిని ముంచినదీ అదే. నేల స్వభావం మేలూ కాదు, కీడూ కాదు. దానిని ఎరిగి వూరు కట్టుకొన్నామా లేదా అన్నదే ప్రశ్న. దిగువన జాలోర్ ప్రాంతంలో లూనీ వరద పొర్లిన బయలును "రేల్" అంటారు. ఆ తేమపైనే నీరు పెట్టకుండా గోధుమ పండించేవారు. వరదను అక్కడివారు శత్రువుగా గాక, ఆలస్యంగా వచ్చే అతిథిగా చూసినారు.

కొత్త నీరు, కొత్త చిక్కులు

నదికి ఆనకట్టలు కట్టే ప్రయత్నం పాతదే. బిలాడా సమీపంలో 1892లో పూర్తి అయిన జస్వంత్ సాగర్ పేర్కొనదగినది; 2007 వరదకు దానికి గండిపడినది. జవాయీ నదిపై 1946లో ప్రారంభమై 1957లో పూర్తి అయిన ఆనకట్ట పశ్చిమ రాజస్థాన్‌లో పెద్దది. వానలు తప్పిన ఏళ్లలో ఆ జలాశయమూ అడుగంటుతుంది. 2022 ఏప్రిల్‌లో పాలీ పట్టణానికి జోధ్‌పూర్ నుండి రైలు వాగన్లలో నీరు తరలించవలసి వచ్చినది.

జోధ్‌పూర్‌కు ఆ నీరు ఎక్కడిది? పంజాబ్‌లో సట్లెజ్, బియాస్ నదుల సంగమం వద్ద బయలుదేరే ఇందిరాగాంధీ కాలువ నుండి ఎత్తిపోతల ద్వారా వస్తున్నది. లోయ దిగువకొసకు 2008 మార్చిలో నర్మదా జలం చేరినది. అక్కడ రైతులు తుంపర పద్ధతిలోనే నీరు పెట్టవలెనని నియమం విధించారు. ఎండిన యీ లోయలో నేడు హిమాలయపు మంచునీరు, మధ్యదేశపు నర్మద నీరు అందుతున్నవి. దేశంలోని నదులు ఒకదానికొకటి బంధువులవుతున్న దృశ్యం ఇది.

కాని కుళాయి వచ్చిన వూరిలో నాడీ పూడిక తీసేవారు తగ్గినారు. ఆగోర్‌లో ఇళ్లు లేచినవి. అంతకంటె బాధాకరమైనది మరొకటి. పాలీ, బాలోత్రా, జోధ్‌పూర్ పట్టణాలలో బట్టల అద్దకం పరిశ్రమ వేలాదిమందికి అన్నం పెడుతున్నది. దాని రంగునీరు బాండీ, లూనీ, జోజరీ నదులలోకి చేరినది. నిండు నదిలో పడిన మురికి కొంత పలుచబడుతుంది. నీరు పారని నదిలో ఆ మురికియే ప్రవాహం అవుతుంది. పూర్వం ఇసుక అడుగున భద్రంగా దాగిన తీపి నీటిలోకి అది ఇంకుతుంది. ఎండనుండి నీటిని కాపాడిన ఇసుకమూత దీనినుండి కాపాడలేదు. ఒడ్డుపొలాలలో బావులు చెడిపోయినవి. 2025లో సుప్రీంకోర్టు జోజరీ కాలుష్యాన్ని తనంతట తానుగా విచారణకు స్వీకరించడం సమస్య తీవ్రతను తెలుపుతున్నది. పనిచేసే చేతులకు అన్నం, తాగే నోటికి నీరు, యీ రెండింటిలో ఒకదానిని కోరుకొమ్మని ఏ వూరినీ అడుగరాదు. శుద్ధి చేయని నీటిని వదలకుండా ఉండటమొక్కటే దీనికి మార్గం.

పచ్చికబయళ్లకు మరొక ముప్పు ఒక చెట్టు రూపంలో వచ్చినది. 1940లో జోధ్‌పూర్ సంస్థానం ఒక విదేశీ తుమ్మజాతిని "రాజవృక్షం"గా ప్రకటించి విరివిగా పెంచినది. ఎడారిని ఆపడం, వంటచెరకు సమకూర్చడం ఉద్దేశం. అక్కడ దానిని విలాయతీ బబూల్ అంటారు. మనవైపు సర్కారు తుమ్మ. అది నదీగర్భాలను, గోచర్ భూములను ఆక్రమించి గడ్డిని లేవనీయలేదు. దాని ఆకును పశువు ముట్టదు. ఉమ్మడిభూములు కుదించుకొనిపోవడం, మేపుత్రోవలు మూసుకొనడం కూడా తోడైనవి. రాజస్థాన్‌లో ఒంటెల సంఖ్య 2012లో 3 లక్షల 26 వేలు ఉండగా 2019 నాటి గణనలో 2 లక్షల 13 వేలకు దిగినది.

ముగింపు

లూనీ లోయ పాఠం ఏమిటి? పూర్వపుపద్ధతులే చాలునని అనలేము. టాంకా ఇచ్చే 9 లీటర్లతో తృప్తిపడమని ఎవరినీ కోరే హక్కు మనకు లేదు. కాలువనీరు వచ్చినది కనుక నాడీని మరువవచ్చునని అనడమూ తప్పే. కాలువ తలుపు వందల మైళ్ల ఆవల ఉన్న వానపై ఆధారపడినది, నాడీ తన వూరి వానపై ఆధారపడినది. రెండూ ఉన్న వూరికి ఒకటి తప్పినా మరొకటి ఉంటుంది.

విద్యార్థులు తమ పటంలో లూనీని వెదకి, ఎడమ ఒడ్డు ఉపనదులను లెక్కించి, తరువాత తమ వూరి చెరువు వద్దకు వెళ్లి ఒక ప్రశ్న వేసుకొనవలెను: దీనిలోకి నీరు ఏ నేలమీదుగా వస్తున్నది, ఆ నేల నేడు ఎలా ఉన్నది? ఆగోర్ అనే మాటకు సరియైన తెలుగుమాట కొరకు నేను చాలాకాలం వెదకినాను. "పరీవాహక ప్రాంతం" అర్థం చెబుతుంది గాని, అక్కడ చెప్పులు విడిచి నడిచేవారి భక్తిని చెప్పదు. మాట దొరకకపోయినా నష్టంలేదు. నేల నిలిస్తే చాలును.